ఎనిమిదో ప్రశ్న

రోజు 163

తెల్లవారగానే, తాగే నీళ్ల కోసం రాత్రి కట్టిన మంచు గుడ్డలు పిండాం. మా ఆయన లోతు నీళ్లలో తాళ్ల మీద పెంచే నాచు కోతకు వెళ్లి పదకొండు రోజులైంది కాబట్టి గుడ్డ రెండో కొసను మరిడి పట్టుకుంది. మరిడి నా ఆడపడుచు, పంతొమ్మిదేళ్ల పిల్ల. గుడ్డను ఇద్దరూ చెరో వైపుకు మెలిపెడితేనే నీళ్లు దిగుతాయి. ఒక్కరే పిండితే సగం తడి గుడ్డలోనే మిగిలిపోతుంది. ఇవాళ రెండు బిందెలు నిండాయి. తర్వాత మా ఇల్లున్న తెప్ప కింద డ్రమ్ములకు పట్టిన గుల్లలు గోకుతుంటే రేడియో గది నుంచి కబురు వచ్చింది.

ఒడ్డు నుంచి డాక్టర్ హైమవతి గారు మాట్లాడారు. ఆమె ఎప్పుడూ ముందు నేను తిన్నానో లేదో అడుగుతారు. ఇవాళ అడగలేదు.

ఆమె చెప్పినది ఇది. సముద్రం మీద తేలే మా పేటలో పద్దెనిమిది నిండి పాతిక లోపు ఉన్న నలభై ఒక్కమందిమి హెచ్ఐవీ రాకుండా రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నాం. కొందరి డబ్బాల్లో పాత మాత్ర, కొందరి డబ్బాల్లో కొత్తది. చూడడానికి రెండూ ఒకటే. ఎవరి డబ్బాలో ఏది ఉందో ఒడ్డున తాళం వేసిన పెట్టెలోని కాగితంలో తప్ప ఎక్కడా రాసి లేదు. క్రిమి మారిపోయింది, పాతది చాలడం లేదు, కొత్తది చాలుతుందో లేదో చూడాలి. అందుకు నెలకోసారి వేలి నుంచి రక్తపు చుక్క తీసి అట్ట మీద ఆరబెట్టి టపా పడవలో పంపిస్తాం. కొత్త మాత్ర వేసుకునే మనిషి చుక్కలో ఆ మందు ఎనభై దాకా కనబడాలి. పాతది వేసుకునే మనిషి చుక్కలో సున్నా ఉండాలి. సగం దారిలో ఒకసారి చుక్కలన్నీ చదవాలన్నది నియమం. చదివారు.

"నలభై ఒక్కటీ నలభై దగ్గరే ఉన్నాయి పైడితల్లీ," అన్నారు ఆమె. "ఒక్క ఎనభై లేదు, ఒక్క సున్నా లేదు. ఇలా ఉండడానికి వీల్లేదమ్మా. తొమ్మిదో ప్రశ్నకు అందరూ లేదనే కదా చెప్పారు? మాత్రలు ఒకరివి ఒకరు వేసుకోలేదు కదా?"

నేను "ఆఁ" అన్నాను.

ఏడు రోజుల్లో పరీక్షల ఓడ మా పేటకు వస్తుంది. అప్పటికి కారణం తెలియకపోతే మా పేటను పరిశోధన నుంచి తీసేస్తారు. డబ్బాలు అదే ఓడలో వెనక్కి పోతాయి. పాత మాత్రలు కూడా మాకు వేరే దారిలో రావు. నలభై ఒక్కమందికీ ఏ మాత్రా ఉండదు.

రోజు 164

నేను ఎందుకు "ఆఁ" అన్నానో ఇక్కడ రాయాలి. పరిశోధన సంగతులు రోజూ రాసి నా దగ్గరే ఉంచుకునే ఈ పుస్తకంలో రాయకపోతే ఇంకెక్కడా రాయలేను.

పదేళ్ల కిందట ఒడ్డు యంత్రాల్లో దాచిన పేర్లన్నీ ఒక్క రోజున బయటికి వచ్చాయి. ఎవరికి జబ్బు ఉందో ఊరూరా చదివారు. మా పుట్టింటి పేటలో తొమ్మిది కుటుంబాల తెప్పలకు తాళ్లు కోసి సముద్రంలోకి వదిలేశారు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తాడు తెగిన తెప్ప ముందు మెల్లగానే కదులుతుంది, చెయ్యి చాస్తే అందేలా ఉంటుంది. ఎవరూ చాచలేదు.

అందుకే ఇప్పుడు ఏ యంత్రంలోనూ పేరు ఎక్కించరు. చేత్తో రాస్తారు, అది కూడా సొంత పేరు కాదు. ఒక్కొక్కరు ఒక్కో సముద్రపు జీవి పేరు ఎంచుకున్నారు. మరిడి రొయ్య. మా ఆయన కోనెం. నేను గవ్వ. ఎవరు ఏదో నాకు మాత్రమే తెలుసు. రాసే పని నాకు ఇచ్చింది చదువు చూసి కాదు. బడి పడవలో ఐదు తరగతులు చదివాను, అంతే. అంతగా నోరు విప్పని మనిషి దగ్గర రహస్యం నిలుస్తుందని మా పేట జట్టులోని ఆరుగురూ నన్ను ఎంచుకున్నారు. జట్టు అంటే మా వయసువాళ్లే. ఇల్లిల్లూ తిరిగి మందు గురించి చెప్పేది, డబ్బాలు అందించేది వాళ్లే.

కాగితంలో పన్నెండు ప్రశ్నలుంటాయి. ఏడోది, జ్వరం వచ్చిందా? పదోది, మాత్ర మరచిపోయిన రోజులు ఎన్ని? మధ్యలో ఎనిమిదోది ఇలా ఉంటుంది: కట్టుకున్న మనిషితో కాక మరెవరితోనైనా కలిశారా, ఎప్పుడు, కండోమ్ వాడారా? దాని కిందే తొమ్మిది: మీ మాత్ర ఇంకొకరికి ఇచ్చారా, ఇంకొకరిది మీరు వేసుకున్నారా?

మొదటి నెల మొదటి మనిషి ఎదుట కూర్చుని ఏడు దాకా అడిగాను. ఎనిమిదో ప్రశ్న చూడగానే చెవులు కాలిపోయాయి. ఆ రెండు ప్రశ్నలూ కాగితం అడుగున ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. కాగితం తిప్పేసి పదో ప్రశ్న అడిగాను. ఆ మనిషి లేచి వెళ్లాక రెండు గళ్లలోనూ "లేదు" అని రాశాను. రెండో మనిషికీ అంతే. ఐదు నెలలు, రెండు వందల ఐదు కాగితాలు. ఇవాళ బొత్తులన్నీ తీసి చూశాను. "లేదు" అన్న మాట నా చేతిలో ఎంత గుండ్రంగా కుదిరిందో.

మధ్యాహ్నం మరిడి వచ్చి, ఈ కాగితాలన్నీ ఎందుకు పరిచినావు వదినా అని అడిగింది. చెమ్మ పట్టాయేమోనని చూస్తున్నానన్నాను.

రోజు 165

ఇవాళ అడగడం మొదలుపెట్టాను. మొదట తాతారావు దగ్గరికి వెళ్లాను. ఇరవై రెండేళ్లు, మునక పని చేస్తాడు, నోటికి అడ్డు లేదు. అతని దగ్గర తేలిక అనుకున్నాను. ఎనిమిదో ప్రశ్న పైకి చదవలేకపోయాను. కాగితం అతని వైపు తిప్పి వేలు పెట్టి చూపించాను.

"అమ్మమ్మా, పైడి వదిన నాతో మాటాడింది, ఏలుతో," అన్నాడు. "నాకు సదువు రాదు వదినా. నువ్వే సదవాల."

అతనికి చదువు వచ్చు. ఏం తోచక, నా జవాబు నేను చెప్పాను. నాకు మా ఆయన తప్ప ఎవరూ లేరని, ఎవరి మాత్రా వేసుకోలేదని. నేల మీది చెక్కకే చెప్పాను. కానీ పైకి చెప్పాను.

తాతారావు ముఖంలో నవ్వు పోయింది. తర్వాత అతను తనది చెప్పాడు. అది అతని కాగితంలో ఉంది, ఇక్కడ రాయను. తొమ్మిదో ప్రశ్న అడిగాను. అతను నన్ను వింతగా చూశాడు.

"మరి పాళ్ళు పెట్టుకున్నాం గదా వదినా. నీకు తెల్దా ఏటి?"

నాకు తెలియదు. సాయంత్రం లోపు ఇంకో ఆరుగురిని అడిగాను. ప్రతిసారీ ముందు నా జవాబు చెప్పాను. ఆరుగురూ అదే మాట అన్నారు. నాకు తెలుసనే అనుకున్నారట. నేను ఎప్పుడూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నాననే అనుకున్నారట.

పడవ మీదికి వచ్చినది ఏదైనా మా పేటలో ఒకరిది కాదు. వల విసిరినవాడికి, తెడ్డు వేసినవాడికి, జ్వరంతో ఇంట్లో పడుకున్నవాడికి కూడా పాలు, అంటే వాటా, ఉంటుంది. మంచి చేప, ముళ్ల చేప కలిపి కుప్పలు పోస్తారు. మొదటి నెల డబ్బాలు వచ్చినప్పుడు జట్టువాళ్లు ఉన్నదున్నట్టు చెప్పారు: కొందరికి పాతది, కొందరికి కొత్తది, ఎవరికేదో తెలియదు. అందరూ విన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. మర్నాడు నేను చుక్కల అట్టలు సర్దుకుంటూ ఇంట్లో ఉన్నప్పుడు మిగిలినవాళ్లు చేపల ఆరబోత తెప్ప మీద చేరి, నలభై ఒక్క డబ్బాలూ పెద్ద తప్పేలాలోకి ఒంపి, చేత్తో కలిపి, ముప్పయ్యేసి లెక్కబెట్టి మళ్లీ డబ్బాల్లో పోసుకున్నారు. ప్రతి నెలా అంతే. ఒక్కరికీ అన్యాయం జరగలేదు.

పాళ్ళు ఎవరు పెట్టారని అడిగితే ఆరుగురూ తలలు దించుకున్నారు. చివరికి ఒక అమ్మాయి చెప్పింది. పేటలో పాళ్ళు పెట్టేది ఎవరు వదినా, మీ ఆయనే కదా అని.

ఎల్లాజీ. మొగుడి పేరు పలకకూడదంటారు మావాళ్లు. పుస్తకంలో రాయక తప్పదు.

రోజు 166

రెండో నెలలో నా డబ్బా మూత వదులుగా ఉండడం చూశాను. అప్పుడే అడగవలసింది. మూత బిగించి ఊరుకున్నాను.

ఇవాళ జట్టు ఆరుగురూ మా తెప్ప మీద కూర్చున్నారు. మరిడి జట్టులో అందరికంటే గట్టిగా మాట్లాడుతుంది. పాళ్ళ సంగతి ఆరుగురికీ మొదటి నుంచీ తెలుసు, వాళ్లూ అందులో ఉన్నారు. అది తప్పని మాత్రం ఎవరూ అనుకోలేదు. నేను చుక్కల లెక్క చెప్పగానే అర్థమైంది. ఎవరికీ మందు పూర్తిగా అందలేదు. కొత్తది పడవలసినవాళ్లకు సగం పోయింది.

మరిడి ముందుగా తేరుకుంది. నాలుగో నెలలో తుఫాను వచ్చింది కదా, డబ్బాలన్నీ ఒకే పెట్టెలో ఉండగా తడిసి, మందు కరిగి ఒకదానిలోది ఇంకొకదానిలోకి ఊరిందని చెబుదామంది. ఒడ్డువాళ్లు నమ్ముతారు. కొత్త డబ్బాలు ఇస్తారు. ఇకనుంచి ఎవరిది వాళ్లు వేసుకుంటే సరిపోతుంది. ఐదుగురు చేతులెత్తారు. నేను ఎత్తలేదు, దించలేదు.

"పుస్తకంలో రాసీ వదినా," అంది మరిడి. "నువ్వు మాటాడక్కర్లేదు. ఓడొచ్చినాక ఆ పేజీ సూపించు, సాలు. మా అన్న పేరు రాదు, నీ పేరు రాదు."

మరిడి చూస్తుండగా రాశాను. దాన్ని ఇక్కడ అలాగే ఉంచుతున్నాను:

నాలుగో నెల తుఫానులో డబ్బాలు తడిశాయి. మాత్రలు మెత్తబడి ఒకదాని మందు ఇంకొకదానికి అంటింది. చుక్కలన్నీ ఒకేలా ఉండడానికి అదే కారణం.

రాతలో తేడా లేదు. రెండు వందల ఐదు కాగితాల మీద ఉన్న అదే గుండ్రని రాత.

రోజు 167

నిద్ర పట్టక, తెల్లవారగానే నేనే రేడియో గదికి వెళ్లాను. ఇంతవరకు నేను ఒడ్డును పిలిచింది లేదు. డాక్టరు గారిని ఒక్కటే అడిగాను. మాత్రలు తడిశాయని అనుకుంటే ఏమవుతుందని.

ఆమె ఇలా చెప్పారు. పరిశోధనలో మాతో కలిపి ఐదు పేటలున్నాయి. ఒక్కొక్క పేటలో నలభై మందే కాబట్టి ఐదూ కలిస్తేనే లెక్క తేలుతుంది. మా పేటలో కొత్త మందు నీటి చెమ్మకే పాడైందని రాస్తే, సముద్రం మీద బతికేవాళ్లకు ఆ మందు పనికిరాదని తేల్చి పక్కన పెట్టేస్తారు. ఐదు పేటల్లోనూ.

"నిజంగా తడిశాయా అమ్మా?" అని అడిగారు.

గాలికి తీగ గరగరలాడింది. వినబడలేదని చెప్పి పెట్టేశాను. అది కూడా అబద్ధమే. స్పష్టంగా వినబడింది.

గుల్లలు గోకే పని వదిలేసి మిగిలినవాళ్ల దగ్గరికి తిరిగాను. ఇవాళ ఇరవై ఒక్కమంది. ఒక అమ్మాయి నా జవాబు విన్నాక ఏడ్చింది. ఐదు నెలలుగా నేను ఈ ప్రశ్న ఎప్పుడు అడుగుతానా అని చూసిందట. జట్టులో ఇంకెవరికీ చెప్పుకోలేకపోయిందట. కండోమ్‌లు ఎక్కడ దొరుకుతాయో కూడా ఆమెకు తెలియదు. రేడియో గది పక్కన డబ్బాలో ఉంటాయని, తీసుకునేటప్పుడు ఎవరూ పేరు రాయరని చెప్పాను. అడగనందువల్ల రాత మాత్రమే తప్పిందని మొన్నటిదాకా అనుకున్నాను.

రోజు 168

పదిమందితో పొద్దున్నే మాట్లాడేశాను. మరిడి తన కాగితం తానే రాసి ఇచ్చింది, నాతో మాట్లాడకుండా. నాతో కలిపి నలభై అయ్యాయి. మిగిలింది కోనెం, అంటే మా ఆయన.

మా ఆయన ఎండ నడినెత్తికి రాకముందే వచ్చాడు. నాచు మోపులు దించి, అన్నం తిని, డ్రమ్ములకు పట్టిన గుల్లలు చూసి నన్ను ఏమీ అనకుండా గోకుడు చిప్ప తీసుకుని నీళ్లలోకి దిగాడు. నేను తెప్ప అంచున కూర్చున్నాను. ఆయన డ్రమ్ముల మధ్య ఉన్నాడు. పైనుంచి నాకు తాడు పట్టుకున్న నాలుగు వేళ్లు తప్ప ఏమీ కనబడవు. ఇలాగైతేనే అడగగలను అనుకున్నాను.

"మావా, ఈ నెల కాగితం రాయాల."

"రాసీ," అన్నాడు కింద నుంచి. "అన్నిటికీ లేదు లేదనే గదా."

ఒకటి నుంచి ఏడు దాకా అడిగాను. గోకుడు ఆగకుండానే చెప్పాడు.

"ఎనిమిది," అన్నాను. "ముందు నా జవాబు సెప్తాను. నాకు నువ్వు తప్ప ఎవులూ లేరు. ఈ ప్రశ్న ఐదు నెలలు నాను ఎవర్నీ అడగలేదు మావా. అందర్నీ అడిగితే నిన్నూ అడగాల. నిన్నడగడానికి బయమేసింది. ఇప్పుడు అడుగుతున్నాను."

గోకుడు ఆగింది. తాడు మీద వేళ్లు తెల్లబడ్డాయి. డ్రమ్ముల కింద నీళ్లు చప్పుడు చేస్తున్నాయి. నేను కలం పట్టుకునే ఉన్నాను.

"ఉన్నాది," అన్నాడు. "ఒక్కపాలి. కిందటేడు నూనె ఓడ అడుగు కడగడానికి ఎల్లినప్పుడు. మన పెళ్లయిన మూడు నెలలకి."

రాశాను. కండోమ్ అని అడిగాను, ప్రశ్నలో రెండో సగం అదే కాబట్టి. లేదన్నాడు. అది కూడా రాశాను. అప్పటికి నాకు కళ్లు మసకబడ్డాయి కానీ గీత మీద నుంచి అక్షరం పక్కకు పోలేదు.

తొమ్మిదో ప్రశ్న చదివాను. దానికి ఆయన నేను అడిగినదానికంటే ఎక్కువ చెప్పాడు.

"డబ్బాలొచ్చిన రోజున నీదీ నాదీ గూట్లో పక్కపక్కన ఎట్టినావు. ఏది మంచిదో తెల్దు. నా ఒంట్లో ఆ జబ్బు ఉండి, నీ డబ్బాలో ఉత్త పాతది ఉంటే నీ గతేటి? మనవిద్దరివే కలుపుదామనుకున్నాను. పాళ్ళు పెట్టీవోడు సొంతానికి దాసుకుంటే ఏటి బాగుంటాది? అందుకే అందరివీ కలిపీసినాను."

ఆయన పైకి రాలేదు. ఎనిమిదో ప్రశ్న మొదటి నెలలోనే అడిగి ఉంటే ఆయన భయం అప్పుడే బయటపడేది, తప్పేలా బయటికే వచ్చేది కాదు. నేను ఆయన జవాబుకు భయపడి ప్రశ్న దాచాను. ఆయన నా ప్రశ్నకు భయపడి జవాబు దాచాడు. మధ్యలో నలభై ఒక్కమందికి మందు సగమైంది.

నెలనెలా చేసే జబ్బు పరీక్షలో ఆయనకు ఐదుసార్లూ ఏమీ లేదని వచ్చింది. నాకూ అంతే. ఆ మాట గుర్తుచేశాను. తెలుసన్నాడు. తెలిసినా ప్రతిసారీ పరీక్ష రోజున అన్నం తినలేదన్నాడు. నేను అది చూశాను, ఎండ దెబ్బ అనుకున్నాను.

సాయంత్రం ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. ఇది పుస్తకంలో ఉండాలా, చెరిపేయాలా అని అడిగాను. ఉంచమన్నాడు. తర్వాత చాప తీసుకుని నాచు మోపుల దగ్గర పడుకున్నాడు. నేను రమ్మనలేదు.

రోజు 169

జట్టును పిలిచాను. తుఫాను పేజీని ఓడవాళ్లకు చూపించనని చెప్పాను. కూర్చుని కాక నిలబడి చెప్పాను, కూర్చుంటే మళ్లీ చెక్కతో మాట్లాడతానని.

మరిడికి కోపం వచ్చింది. అందరికీ మాత్రలు పోగొట్టి నువ్వు నిజాయితీపరురాలివవుతావా అంది. "మా అన్నని నలుగురిలో నిలబెట్టి నీకేటొస్తాది? నువ్వు పొరుగు పేట దానివి. మీ పేటోలు తాళ్లు కోసిన కత్తి ఇంకా నీ కాడే ఉన్నాదేటి?" అంది.

ఆ మాటకు ఎవరూ తలెత్తలేదు. మరిడి కూడా.

డాక్టరు గారు చెప్పిన ఐదు పేటల సంగతి చెప్పాను. వాటిలో మా పుట్టింటి పేట ఒకటి. అక్కడ ఇంకా తొమ్మిది తెప్పల జాగా ఖాళీగానే ఉంది, ఎవరూ కట్టుకోరు. తర్వాత మా ఆయన తనంతట తానే వచ్చి చెల్లెలి పక్కన కూర్చున్నాడు. పాళ్ళు పెట్టింది నేనని రేపు నేనే చెబుతాను, పైడి నోటితో చెప్పించవద్దు అన్నాడు. ఎందుకు పెట్టాడో మరిడి అడిగింది. నా వైపు చూసి, అది తన కాగితంలో ఉందన్నాడు.

పేజీ చింపకూడదన్నది నియమం. అడ్డంగా ఒక్క గీత కొట్టాలి, కింద రాసినది కనబడాలి. తుఫాను మాటల మీద గీత కొట్టాను. రెండు వందల ఐదు కాగితాల మీదా ఎనిమిది, తొమ్మిది గళ్లలో గీతలు కొట్టాను. మరిడి కాసేపు చూసి, రెండో కలం తీసుకుని నా ఎదురుగా కూర్చుంది. చీకటి పడకముందే అయిపోయింది.

రోజు 170

ఓడ పొద్దున్నే వచ్చింది. డాక్టర్ హైమవతి గారిని మొదటిసారి చూశాను. గొంతు విని పొడుగ్గా ఉంటారనుకున్నాను. పొట్టి మనిషి. తెప్ప ఊగితే నా భుజం పట్టుకున్నారు. ఆమెతో పరిశోధనను చూసే కమిటీవాళ్లు ఇద్దరు వచ్చారు.

ఆరబోత తెప్ప మీద నలభై ఒక్కమందిమీ కూర్చున్నాం. మా ఆయన లేచి తప్పేలా ముందు పెట్టి, ఎలా కలిపాడో చేతులతో చూపించాడు. తర్వాత నేను లేచాను. రెండు వందల ఐదు కాగితాల్లో రెండు గళ్లు నేను అడగకుండా రాసినవని చెప్పాను. నా మాట వెనకవాళ్లకు వినబడలేదట. తాతారావు, ఇంకోపాలి సెప్పు వదినా, గాలి తినీసింది అన్నాడు. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టం. చెప్పాను.

కమిటీ మనిషి ఒకాయన, మా పేటను తీసేయక తప్పదన్నాడు. ఐదు నెలల రాత పనికిరాదు. మళ్లీ డబ్బాలు ఇచ్చినా మళ్లీ కలపరని నమ్మకం ఏమిటన్నాడు. ఓడవాళ్లు అప్పటికే డబ్బాల పెట్టెలు పైకి ఎక్కిస్తున్నారు.

అప్పుడు నేను కూర్చోవలసింది. కూర్చోలేదు. ఆ పెట్టెలనే చూస్తూ అడిగాను.

"అయ్యా, మావోళ్లు పాలు ఒదులుకోరు. అది నిజం. కానీ వంతు తప్పరు. సేపల గుంపు దిగే సోట అన్ని పడవలూ ఒక్కసారి వల ఎయ్యవు. ఇవాళ ఒకలది, రేపు ఇంకొకలది. వంతు కాని రోజున ఎదరే సేపలు ఎగురుతున్నా తెడ్డు ముట్టరు. ఐదు పేటలున్నాయి గదా. కొత్త మాత్ర పేట పేటకీ వంతుగా ఇవ్వండి. మొదట ఎవులికో సీటీ తియ్యండి. వంతు రాని పేట అందాకా పాతదే ఏసుకుంటాది. ఏడాది తిరిగీసరికి అందరికీ వస్తాది. అప్పుడు కలపడానికి ఏటీ ఉండదు."

ఇంత పొడుగు మాట నేను పుట్టాక మాట్లాడలేదు. చివరికి వచ్చేసరికి ఊపిరి అందలేదు.

కమిటీవాళ్లు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డాక్టరు గారు, వంతుల మీద నడిపే పరిశోధనలు ఉన్నాయని, మీ వంతుల సంగతి మమ్మల్ని ముందే అడగనివ్వవలసిందని, అంటే మేమే మిమ్మల్ని అడగవలసిందని అన్నారు. ఆమెకే మాట తడబడింది. తర్వాత ముగ్గురూ రేడియో గదికి వెళ్లారు. ఎండ మూడు డ్రమ్ముల మేర జరిగేదాకా రాలేదు. ఎవరూ లేచి వెళ్లలేదు. మా ఆయన ఖాళీ తప్పేలాను బోర్లించి దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

వచ్చి చెప్పారు. మా ఐదు నెలల రాత కొట్టేశారు. లెక్క మొదటి రోజు నుంచి మళ్లీ. వంతుల పద్ధతికి ఐదు పేటల జట్లూ ఒప్పుకోవాలి. ఒప్పుకునేదాకా అందరికీ పాత మాత్ర ఆగకుండా ఇస్తారు. పెట్టెలు కిందికి దించారు.

అందరికీ పరీక్ష చేశారు. ఎవరికీ జబ్బు లేదు. అది మందు గొప్పా, మా అదృష్టమా అని మరిడి అడిగింది. తెలియదన్నారు డాక్టరు గారు. తెలియకుండా చేసింది మేమే.

అబద్ధం రాసిన మనిషి మళ్లీ రాయకూడదని కమిటీ నియమం. అది చెప్పగానే తాతారావు, అయితే ఎనిమిదో ప్రశ్న కమిటీ ఆయన్నే వచ్చి అడగమనండి, నాను సెప్పీది ఈవిడికే అన్నాడు. నవ్వారు. నవ్వు ఆగాక, ఆ రోజు ఏడ్చిన అమ్మాయి కూడా అదే మాట అంది. చివరికి నేనే రాయాలని, ప్రతి కాగితం మీదా రెండు వేలిముద్రలు ఉండాలని తేల్చారు. ఒకటి నాది, రెండోది మరిడిది. ఇంకొకటి మేం అడిగాం, రాసుకున్నారు: ఏ పేటలోనైనా అడిగే మనిషి ముందు తన జవాబు చెప్పాలి.

రోజు 1

నలభై నాలుగు రోజుల తర్వాత ఐదు పేటలూ ఒప్పుకున్నాయి. చీటీలో మా వంతు నాలుగోది వచ్చింది. మొదటి వంతు మా పుట్టింటి పేటకు వచ్చింది. ఎవరూ గొణగలేదు.

పొద్దున మంచు గుడ్డ పిండడానికి మరిడి రాలేదు. రెండో కొస మా ఆయన పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఆయన చాప అక్కడే, నాచు మోపుల దగ్గరే. గుడ్డను ఆయన అటు, నేను ఇటు మెలిపెట్టాం. బిందె నిండింది.

తర్వాత కోనెం కాగితం రాశాను. నీళ్లలో కాదు, ఎదురెదురుగా కూర్చుని. ఎనిమిదో ప్రశ్నకు ముందు నా జవాబు చెప్పాను. ఆయన ముఖం చూసి అడిగాను. చెప్పాడు.

ఈసారి ఏం చెప్పాడో ఇక్కడ రాయను. అది ఆయన కాగితంలో ఉంది.